అమ్మ రాసుకున్న క్యాలెండరు

ప్రశ్న: గౌరవనీయులైన శీర్షిక నిర్వాహకురాలికి నమస్కారాలు. మాది కోనసీమలో కోటిపల్లికి దగ్గరగా ఉన్న ఒక పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. కిందటి ఏడాది, అంటే 2025 జూలై 5న, శనివారం తెల్లవారుజామున మా అమ్మ 58 ఏళ్ల వయసులో గుండెపోటుతో పోయింది. ముందురోజు రాత్రి వీపు పైభాగం పట్టేసినట్టు ఉందనీ, కడుపులో తిప్పుతోందనీ అంటే, గ్యాసు నొప్పి అనుకుని వాము నమిలి పడుకుందట. నేను కూడా ఫోనులో "కాస్త మజ్జిగ తాగి పడుకో అమ్మా, పొద్దుటికి తగ్గిపోతుంది" అన్నాను. తెల్లవారి నాలుగున్నరకు అన్నయ్య ఫోను చేశాడు. నేను వెళ్లేసరికి అమ్మను వసారాలో పడుకోబెట్టి ఉంచారు.

ఇన్ని నెలలైనా అమ్మ అనుకోగానే వసారాలో చూసిన ఆ ముఖమే కళ్లముందుకు వస్తోంది, అంతకుముందు ముఖం ఎంత ప్రయత్నించినా గుర్తుకు రావడం లేదు. ఆఫీసులో ఎవరో ఏదో అంటే నవ్వుతాను, మరుక్షణమే అమ్మ పోయి ఏడాదైనా తిరగలేదు కదా, నవ్వు ఎలా వచ్చిందని నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఏడిస్తే పోయినవాళ్లకు శాంతి ఉండదని మా మేనత్త కోప్పడుతుంది. నాన్నగారు అసలు అమ్మ మాటే ఎత్తనివ్వరు.

అమ్మకు గోడ క్యాలెండరులో అన్నీ రాసుకునే అలవాటు ఉండేది. పాల లెక్క, గ్యాసు బండ మార్చిన తేదీ, అందరి పుట్టినరోజులు, ఏ పండక్కి ఏం చేయాలన్నది ముందుగానే ఆయా గడుల్లో రాసిపెట్టుకునేది. ఆమె పోయాక జూలై పేజీని ఇంట్లో ఎవరూ తిప్పలేదు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు వదిన దాన్ని తీసేసి కొత్త క్యాలెండరు తగిలించబోతే, నాన్నగారు ఎన్నడూ లేనిది గట్టిగా కేకలు వేశారు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేను ఆగస్టు పేజీ ఎత్తి చూశాను. 8వ తేదీ, వరలక్ష్మీ వ్రతం గడిలో "బుల్లికి చీర. గచ్చకాయ రంగు వద్దంది. చిలకపచ్చ చూడాలి" అని ఉంది. బుల్లి అంటే నేనే. కొన్ని పేజీల ఫొటోలు తీసి దీనితో పంపుతున్నాను.

పోయినవాళ్ల వస్తువులు ఇంట్లో ఉంచుకోకూడదని బంధువులు అంటున్నారు. ఈ క్యాలెండరును ఏం చేయమంటారు? అమ్మను ఎలా గుర్తుంచుకోవాలి? సంవత్సరీకం దగ్గర పడుతోంది, అమ్మ పోయిన రోజు జూలై 5 అనుకోవాలా, తిథి అనుకోవాలా అన్నది కూడా నాకు తేలడం లేదు.

— పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు అడిగిన వాటికి జవాబులు చెప్పే ముందు, మీరు పంపిన ఫొటోలలో నాకు కనిపించిన ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. జనవరి, మే, జూలై, ఆగస్టు పేజీలు పంపారు. ప్రతి గడిలోనూ తిథి, నక్షత్రం అచ్చువేసిన చోటికి కింద, ఎడమ మూలన, పాల లెక్క కోసం మీ అమ్మగారు సన్నగా "అర" అని రాసుకున్నారు. జనవరి 12 నుంచి 16 వరకు మాత్రం "అర" లేదు, "లీటరు" అని ఉంది. మే నెలలో మళ్లీ వరుసగా తొమ్మిది రోజులు "లీటరు" అని ఉండి, పదో రోజున "అర" అయింది. మీరు కిందటేడు సంక్రాంతికీ, వేసవిలోనూ ఊరు వెళ్లిన తేదీలతో వీటిని ఒకసారి సరిచూసుకోండి. నా ఊహ తప్పు కాకపోతే, మీరు ఆ ఇంట్లో ఉన్న రోజులన్నీ పాల లెక్కలో నమోదై ఉన్నాయి. ఆమె వాటిని జ్ఞాపకం కోసం రాసుకోలేదు, నెలాఖరున పాలవాడితో పేచీ రాకూడదని రాసుకున్నారు. అందుకే నాకు ఆ రాత మీద అంత నమ్మకం కలిగింది.

ఇక మీ మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్న మాట, మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన మాట, "మజ్జిగ తాగి పడుకో" అన్నది. గుండెపోటు అనగానే ఎడమ ఛాతీ పట్టుకుని కూలిపోవడమే మనందరికీ తెలుసు, కానీ ఆడవారిలో ఛాతీ నొప్పితో పాటుగానో, ఒక్కొక్కసారి అది లేకుండానో, వీపు, మెడ, దవడ నొప్పి, వికారం, ఆయాసం, కారణం లేని నీరసం వంటివి మగవారిలో కంటే ఎక్కువగా కనిపిస్తాయి. ఈ కారణంగానే ఎన్నో ఇళ్లలో అది గ్యాసు నొప్పిగా, పనిచేసిన అలసటగా దాటిపోతోంది. (ఇది చదువుతున్నవారు ఇంట్లో ఏ పెద్దావిడకైనా ఇలాంటివి హఠాత్తుగా వస్తే వాము కోసం వెతక్కుండా 108కి ఫోను చేయవలసిందిగా చేతులు జోడించి అడుగుతున్నాను.) కానీ మీకు ఈ సంగతి ఇప్పుడు తెలుసు, జూలై 4 రాత్రి తెలియదు. ఆ రాత్రి మీకు తెలిసింది ఏమిటంటే, మీ అమ్మకు అప్పుడప్పుడు కడుపులో తిప్పుతుంటుందనీ, మజ్జిగకు తగ్గుతుందనీ మాత్రమే. తెలిసిన దానితో మీరు చెప్పగలిగిన మంచి మాట అదే. మీ అమ్మగారు కూడా తన ఒంటి గురించి అంతకు మించి ఏమీ అనుకోలేదు, అనుకుని ఉంటే మీ నాన్నగారిని లేపేవారు. ఈ ఎరుకను ఆనాటి రాత్రికి మోసుకుపోయి మిమ్మల్ని మీరు దోషిగా నిలబెట్టుకోవడం న్యాయం కాదు.

ఆ చివరి ముఖం గురించి చెబుతాను. మంచం పట్టి నెలల తరబడి బాధపడి పోయినవారి ఇంట్లో, మనిషి వెళ్లిపోతోందన్న సంగతి ఇంటిల్లిపాదికీ మెల్లగా అలవాటవుతుంది. హఠాత్తుగా పోయినప్పుడు ఆ వ్యవధి ఉండదు కనుక, మనసు మళ్లీ మళ్లీ ఆ వసారా దగ్గరికే వెళ్లి, నిజమా కాదా అని చూసి వస్తూ ఉంటుంది. అది మీరు అమ్మను మరిచిపోవడం కాదు. 58 ఏళ్లంటే 21 వేల రోజులకు పైమాట, ఆ ఒక్కరోజు మిగిలిన అన్ని రోజులకూ అడ్డంగా వచ్చి నిలబడింది, అంతే. దాన్ని పక్కకు నెట్టేయాలని పట్టుబడితే మరింత మొండికేస్తుంది. నెట్టకండి, దాని పక్కన మిగిలిన రోజులను ఒక్కొక్కటిగా తెచ్చి కూర్చోబెట్టండి. ఎలాగన్నది కింద చెబుతాను.

నవ్వు వచ్చినందుకు మీరు పడుతున్న బాధకు ఒక మాట. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే మనోవైద్యురాలు 1969లో చెప్పిన ఐదు దశలను (నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం) దుఃఖానికి మెట్ల వరుసగా చాలామంది వల్లిస్తుంటారు, కానీ ఆమె ఆ దశలను మొదట చెప్పింది మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి, వారి గురించి. పోయినవారి కోసం ఏడ్చేవారు అలా మెట్టు తరువాత మెట్టుగా దిగిరారు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పినది నాకు అనుభవానికి దగ్గరగా అనిపిస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవారి వైపు, కాసేపు బతకవలసిన రోజువారీ వైపు ఊగుతూ ఉంటుందనీ, ఆ ఊగడమే మనిషిని నిలబెడుతుందనీ వారి మాట. ఆఫీసులో మీకు వచ్చిన నవ్వు ఆ ఊపులో ఒక వైపు. అందులో మీ అమ్మకు చేసిన ద్రోహం ఏదీ లేదు.

మీ మేనత్తగారిని తప్పుపట్టకండి. ఆమె ఆ మాట కల్పించి చెప్పలేదు, బంధువులు కార్చిన కన్నీటిని ప్రేతం తాగవలసి వస్తుందనీ, కనుక ఏడవక శక్తికొద్దీ క్రియలు జరపాలనీ యాజ్ఞవల్క్య స్మృతిలో ఉంది. కర్మ చేయవలసినవాళ్లు కూలబడిపోతే దహనం దగ్గర నుంచి అన్నీ ఆగిపోతాయి గనుక, వాళ్లను లేవదీసి నిలబెట్టడానికి చెప్పిన మాటగా నేను దాన్ని తీసుకుంటాను. ఆ శాస్త్రం ఉన్న దేశంలోనే మన ఊళ్లలో ఆడవాళ్లు శవం దగ్గర కూర్చుని శోకాలు పెట్టి ఏడ్చేవారు. ఆ శోకాల్లో ఏముండేదో మీరు వినే ఉంటారు: నాకు నెలతప్పినప్పుడు పుల్లటి కూర వండి పంపావే, నా పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నావే అంటూ, పోయిన మనిషి చేసిన పనులన్నీ పేరుపేరునా బయటికి వచ్చేవి. ఆ వాకిట్లో ఉన్నవాళ్లందరికీ ఆ మనిషి ఎవరో అప్పుడు తెలిసేది. ఇప్పుడు మనం మర్యాదగా కళ్లు తుడుచుకుంటున్నాం, ఆ పనులు చెప్పేవాళ్లు లేకుండా పోయారు.

మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె కూడా ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగానే వెళ్లిపోయింది. పదకొండో రోజున అమ్మ పుట్టింటి ఊరి నుంచి ఒక ముసలావిడ వచ్చింది. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని, "మీ అమ్మ చిన్నప్పుడు లాకుల మీద నుంచి కాలవలోకి దూకేది, మగపిల్లలు కూడా జంకేవాళ్లు" అంది. నేను ఆవిడ ఎవరి గురించో చెబుతోందనుకున్నాను. నాకు తెలిసిన అమ్మకు నీళ్లంటే భయం, పుష్కరాలకు వెళ్లినా రేవు మెట్టు మీదే నిలబడి చెంబుతో నెత్తిన నీళ్లు పోసుకుని వచ్చేసేది. ఆ పిల్ల ఈ మనిషిగా ఎప్పుడు మారిందని అడిగితే, ఆవిడ కొంచెంసేపు ఊరుకుని, అమ్మకు పెళ్లయిన ఏడాదే తమ్ముడు ఒకడు అదే కాలవలో కొట్టుకుపోయాడని చెప్పింది. నాకు అలాంటి మేనమామ ఒకడు ఉండేవాడని నలభయ్యో ఏట తెలిసింది. ఆవిడ బస్సు ఎక్కేసి ఉంటే అదీ తెలిసేది కాదు. ఆ రాత్రే ఒక రూళ్ల పుస్తకం తీసుకుని ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను, ఆ తరువాత కనిపించిన ప్రతివారినీ అడగడం మొదలుపెట్టాను.

మీరు చేయవలసిన పని కూడా అదే అని నా నమ్మకం. మీ అమ్మగారితో చదువుకున్నవారు, ఆమె అక్కచెల్లెళ్లు, పక్కింటివారు, రవికెలు కుట్టే ఆమె, ఆ పాలవాడు, వీళ్లందరి దగ్గరా మీకు తెలియని మీ అమ్మ ఒక్కో ముక్క ఉంది. వాళ్లు కూడా పెద్దవాళ్లవుతున్నారు గనుక ఆలస్యం చేయకండి. సంవత్సరీకం నాడు చుట్టాలందరూ వస్తారు. భోక్తల భోజనాలు అయ్యాక అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ అమ్మ గురించి ఒక్క సంగతి చెప్పమనండి, దానికి ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదు. పుస్తకంలో "మా అమ్మ దేవత, సహనమూర్తి" అని రాయకండి, అలా రాస్తే ఆమె ఎవరి అమ్మ అయినా కావచ్చు. గచ్చకాయ రంగు చీర కూతురు వద్దంటే, మళ్లీ చిలకపచ్చ చూడాలని రాసుకున్న మనిషి మాత్రం లోకంలో మీ అమ్మ ఒక్కతే. ఆమెకు కోపమొస్తే ఏం చేసేదో, ఎవరి మీద ఎన్నేళ్లు అలిగిందో, మీకు ఏ విషయంలో అన్యాయం చేసిందని మీరు అనుకున్నారో, అదీ రాయండి. పోయినవారి తప్పులు తలచుకోకూడదంటారు గానీ, తప్పులన్నీ చెరిపేస్తే మిగిలేది దండ వేసిన ఫొటో ఒక్కటే.

మన పెద్దలు కూడా ఇలాగే తలచుకున్నారని చెప్పడానికి నాకు ఒక ఆధారం ఉంది. గయలో మాతృ షోడశి అని తల్లికి ప్రత్యేకంగా పదహారు పిండాలు పెట్టే ఆచారం ఉంది. ఒక్కో పిండానికి ఒక్కో శ్లోకం. వాటిలో తల్లిని ఎక్కడా ఊరికే పొగడరు. కడుపుతో ఎగుడుదిగుడు దారిలో నడిచిన కష్టానికి ఒకటి, పురిటి నొప్పికి ఒకటి, బిడ్డ కోసం చేదు మందులు మింగినందుకు ఒకటి, రాత్రిళ్లు బిడ్డ తడిపిన పక్కలో పడుకున్నందుకు ఒకటి, ఇలా ఆమె చేసినవన్నీ లెక్కపెట్టి మరీ పెడతారు. గుజరాత్‌లోని సిద్ధపూర్‌ను మాతృగయ అంటారు. కపిలుడు తల్లి దేవహూతికి జ్ఞానం చెప్పాడని చెప్పే బిందు సరోవరం అక్కడ ఉంది. వీలైనప్పుడు మీ అన్నయ్య వెళ్లవచ్చు, మీరూ వెంట వెళ్లవచ్చు. కానీ ఆ పదహారు పిండాల్లాంటి లెక్క మీ ఇంటి గోడకు ఇప్పటికే వేలాడుతోంది కదా!

కనుక క్యాలెండరును ఎవరికీ ఇవ్వకండి, గోదావరిలో కలపకండి. పోయినవారి పడక, కట్టుబట్టలు దానం చేయడం ఆచారమే గానీ, వారి చేతిరాతను దానం అడిగినవారిని నేను చూడలేదు. అయితే దాని మీద ఇప్పుడు మీకంటే మీ నాన్నగారికే ఎక్కువ హక్కు ఉంది. ఆయన ఇష్టపడేదాకా జూలై పేజీని అలాగే ఉండనివ్వండి, వదినగారిని కొత్త క్యాలెండరు వంటింట్లో మరో మేకుకు తగిలించుకోమనండి. ఆమె తీసేయబోయింది చెడ్డ ఉద్దేశంతో కాదని నాన్నగారికి మీరే చెప్పాలి. పెన్సిలు రాత చెరిగిపోతుంది గనుక పన్నెండు పేజీలనూ వెలుతురులో శ్రద్ధగా ఫొటోలు తీసి దాచండి. తరువాత ఒకరోజు, "అమ్మ గురించి మాట్లాడదాం నాన్నా" అనకుండా, ఏదో ఒక గడి చూపించి, "ఈ గ్యాసు బండ పక్కన ఈ గుర్తేమిటి నాన్నా?" అని అడిగి చూడండి. అమ్మ అన్న మాట ఆయన గొంతు దాటకపోవచ్చు గానీ, గ్యాసు బండ సంగతి చెప్పగలరు. మిగిలింది దాని వెనకే వస్తుంది.

తిథి సంగతికి వస్తే, మీ అమ్మగారు పోయింది ఆషాఢ శుద్ధ దశమి, తొలి ఏకాదశికి ముందురోజు. ఈ 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో అదే తిథి జూలై మూడో వారం దాటాక వస్తుంది. కర్మకు తిథే ప్రమాణం, సరైన రోజును మీ పురోహితులు చెబుతారు. కానీ జూలై 5 తెల్లవారుజామున నాలుగున్నరకు మీకు మెలకువ వచ్చి తీరుతుంది, దానికి పంచాంగంతో పనిలేదు. ఆ రోజుకు సెలవు పెట్టుకోండి. తిథి నాడు ఆమె ఇంటివారందరికీ చెందుతుంది, జూలై 5న మీ ఒక్కరికే ఉండనివ్వండి. నాన్నగారు ఉండగా ఆమె ముత్తైదువగా పోయారు గనుక, మహాలయ పక్షంలో భాద్రపద బహుళ నవమి, అవిధవా నవమి కూడా ఆమె రోజే.

ఒక్క జాగ్రత్త. దుఃఖం జబ్బు కాదు, ఏడాదికి తీరాలన్న గడువూ లేదు. అయితే ఆరు నెలలు దాటినా నిద్ర, తిండి, ఉద్యోగం ఏదీ గాడిన పడకుండా, రోజంతా ఆ ఒక్క ఆలోచనే పట్టి ఉంచితే దానికి వైద్యసహాయం తీసుకోవాలి, 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలోనూ దాన్ని ఒక రుగ్మతగా చేర్చారు. మీరు ఉద్యోగం చేసుకుంటున్నారు, నవ్వుతున్నారు కూడా, మీ గురించి నాకు అంత బెంగ లేదు. మాట్లాడటం మానేసిన మీ నాన్నగారి గురించే ఆలోచిస్తున్నాను. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. ఆయన చేయకపోతే, ఆయనతో ఎలా మెలగాలో అడగడానికి మీరు చేయవచ్చు.

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలోని ఒక ఊరు. నేను దుబాయ్‌లో భవన నిర్మాణ పనిలో ఉన్నాను. కిందటి మే నెలలో మా అమ్మ పొలం నుంచి వచ్చి వడదెబ్బతో ఒక్కరోజులోనే పోయింది. కంపెనీవాళ్లు పంపలేదు. మా చిన్నాన్న కొడుకు తలకొరివి పెడుతుంటే నేను క్యాంపులో మంచం మీద కూర్చుని వీడియో కాల్‌లో చూశాను, అదీ మధ్యలో ఆగిపోయింది. అమ్మ ఇంకా ఊళ్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది. అమ్మకు చదువు రాదు గనుక వాట్సాప్‌లో గొంతుతోనే మాట్లాడి పంపేది. అవి 43 ఉన్నాయి, వినే ధైర్యం లేదు. మొన్న అమ్మ నంబరు మీద ఎవరో తెలియని మనిషి ఫొటో కనిపించి చేతులు వణికాయి. దసరాకు ఊరికి వెళుతున్నాను. — ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 43 మాటలను కాపాడుకోండి. వినకపోయినా సరే, ఈ రోజే వాటిని మరో ఫోనులోకో, మెమొరీ కార్డులోకో ఎక్కించి, ఇంకొక ప్రతిని మీ చెల్లెలికో అక్కకో పంపండి. మీ ఫోను పోతే అవి మళ్లీ దొరకవు. నంబరు విషయంలో ఎవరి తప్పూ లేదు. 90 రోజులు వాడకుండా, డబ్బు వేయకుండా వదిలేసిన ప్రీపెయిడ్ సిమ్‌ను కంపెనీలు తీసేయవచ్చు, కొంతకాలానికి ఆ నంబరును మరొకరికి ఇచ్చేస్తారు. ఇంట్లో ఎవరైనా ఈ మధ్యనే పోయినవారుంటే, కొన్నాళ్లయినా ఆ సిమ్‌ను రీఛార్జ్ చేయించి నడిపించుకోండి. మీరు ఆ నంబరును అమ్మ పేరుతో కాకుండా వేరుగా రాసి పెట్టుకుంటే, ఆ అపరిచితుడి ముఖం ఇక అమ్మ పేరు కింద కనిపించదు.

చివరిచూపు దక్కని కొడుకులు మీతో మొదలు కాలేదు. దూరదేశంలో ఉండి వార్త విన్నవాడు మైల ఎప్పటి నుంచి, ఎన్నాళ్లు పట్టాలన్నది మన ధర్మశాస్త్రాలలో విడిగా చెప్పారంటే, అలాంటి కొడుకులు ఆనాడూ ఉన్నారన్నమాట. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాటికి మీరు ఊళ్లో ఉండేట్టు సెలవు చూసుకోండి. అమ్మ పేరున మీ చేతులతో మీరే బియ్యం ఇవ్వండి, ఈసారి అది చిన్నాన్న కొడుకు చేతిమీదుగా జరగకూడదు. ఊళ్లో బతుకమ్మ మొదలయ్యేదీ ఆ సాయంత్రమే, అమ్మ లేక మీ వాకిలి బోసిగా ఉంటుంది. మీరు అప్పుడు ఒంటరిగా ఉండకండి. ముందుగా అమ్మను కాల్చిన చోటికి ఒక్కసారి వెళ్లి రండి, ఫోనులో సగంలో ఆగిపోయినదాన్ని మీ కళ్లతో పూర్తిగా చూడవలసింది అక్కడే.

ఆ గొంతులను దుబాయ్‌లో, పనికి పోయే ముందు, ఒక్కరే కూర్చుని వినకండి. ఇంటికి వెళ్లాక మీ చెల్లెలినో అక్కనో పక్కన కూర్చోబెట్టుకుని, పాతదానితో మొదలుపెట్టి రోజుకు ఒకటి రెండు చొప్పున వినండి. అమ్మ మాట్లాడేటప్పుడు వెనక ఏదో ట్రాక్టరు చప్పుడు, ఎవరో పిలిచిన పిలుపు వినిపిస్తూ ఉంటాయి. అది ఎవరి ట్రాక్టరో, అమ్మ ఆ వేళ గట్టు మీద ఉందో వాకిట్లో ఉందో పక్కన కూర్చున్న ఆమెకు తెలుస్తుంది. తెలిసినది తెలిసినట్టుగా, ఒక్కోదాని పక్కన తేదీ వేసి రాసుకోండి.